ఆ పోస్టుకి తేదీ వేయలేదు

నేను ఈ సంస్థలో చేరింది అకౌంట్స్ చూడటానికి. ఓచర్లు, బిల్లులు, ఏడాదికోసారి ఆడిట్, అంతే నా పని అనుకున్నాను. ఖమ్మంలో మా ఆఫీసంటే రెండు గదులు, ఒక బీరువా, మొండికేసే ప్రింటరు. రక్తం ఇచ్చేవాళ్ళను, కావాల్సినవాళ్ళను కలపడం మా పని. అందులోనూ ముఖ్యంగా తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) పిల్లలకు. వాళ్ళకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాల్సిందే. ఒక నెల తప్పిందంటే ఆ పిల్లల మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

ఫేస్‌బుక్ పేజీ చూసే కుర్రాడు ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్ళిపోతే, "మీకు కంప్యూటర్ వచ్చు కదమ్మా" అంటూ మా సార్ ఆ పని నాకు అంటగట్టారు. పాస్‌వర్డ్ మాత్రం ఆ కుర్రాడితో పాటే బెంగళూరు వెళ్ళింది. పేజీకి అడ్మిన్ అతనొక్కడే. అదీ అతని సొంత అకౌంటు నుంచి, ఎప్పుడో మానేసిన సిమ్ మీద. మా పేజీని మేమే నాలుగు నెలలు బయటి నుంచి చూస్తూ కూర్చున్నాం. ఇప్పుడు దేనికైనా ముగ్గురు అడ్మిన్లు ఉండాలని పెట్టుకున్నాం. మూడో అడ్మిన్ మా సారే. ఆయన ఎప్పుడూ తెరవరు, కానీ ఉంటారు.

పోయిన నెల పక్క జిల్లా నుంచి ఒక చిన్న సంస్థ వాళ్ళు వచ్చారు. "అక్కా, మీరు పోస్టు పెడితే జనం వస్తున్నారంట, మాకూ చెప్పండి" అన్నారు. టీ ఇప్పించి ఏదో చెప్పి పంపించాను. వాళ్ళు బస్సెక్కాక, చెప్పాల్సింది చెప్పలేదే అనిపించింది. అందుకే ఇది.

నా మొదటి తప్పుతోనే మొదలుపెడతాను. చేరిన కొత్తలో ఒక బాబుకి బి నెగెటివ్ కావాల్సి వచ్చింది. ఒక పోస్టరు చేశాను. ఎర్రటి అక్షరాల్లో "అత్యవసరం", పక్కన బాబు ఫోటో, కింద వాళ్ళ నాన్న ఫోన్ నంబరు. బాగా కుదిరిందని నాలో నేను మురిసిపోయాను కూడా. ఆ రాత్రే రక్తం దొరికింది. నేను ఇంటికెళ్ళి పడుకున్నాను. పోస్టరు మాత్రం పడుకోలేదు.

ఏడాది దాటాక మిర్చి మార్కెట్ దగ్గర ఆ నాన్న ఎదురుపడ్డాడు. కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేస్తాడు. కుశలం అడిగితే, "ఆ ఫోన్లు ఇంకా వస్తనే ఉన్నయి మేడమ్" అన్నాడు. రాజమండ్రి నుంచి, నిజామాబాద్ నుంచి, ఒకసారి మస్కట్ నుంచి కూడానట. నంబరు మార్చుకుందామంటే రైతులందరి దగ్గరా ఉన్నది అదే. మొదట్లో ఇంకో రకం ఫోన్లు కూడా వచ్చేవట, "రెండు వేలు ఫోన్‌పే చెయ్యి, బయల్దేరతా" అని. మన దేశంలో డబ్బుకి రక్తం ఇవ్వడాన్ని 1998 జనవరి నుంచే నిషేధించారు. కానీ ఐసీయూ బయట నిలబడ్డ తండ్రికి ఆ లెక్కలు గుర్తుంటాయా?

"మరి ఫోన్ చేసినవాళ్ళకి ఏం చెప్తున్నారు?" అని అడిగాను.

"దొరికిందండి, థాంక్స్ అంటున్న." కాసేపు ఆగి అన్నాడు, "బాబు సంక్రాంతికి ముందే పోయిండు మేడమ్. వాళ్ళు పాపం మంచి మనసుతో చేస్తరు. ఆ మాట వాళ్ళకెందుకు చెప్పాలె."

నాకు తెలియదు. రక్తం ఇప్పించినట్టు రిజిస్టర్లో రాసుకున్నాను. అంతే తెలుసు నాకు.

అకౌంట్స్ చేసేవాళ్ళకు సస్పెన్స్ ఖాతా అంటే ఎంత భయమో ఇంకొకళ్ళకి చెప్పినా అర్థం కాదు. లెక్క తేలని ఎంట్రీలన్నీ తాత్కాలికంగా అందులో పడేస్తాం. మార్చి ఆఖరుకి అందులో ఒక్క రూపాయి మిగిలినా ఆడిటర్ నిలదీస్తాడు. అలాంటిదాన్ని నేను, ఒక బాబు ఫోటోతో ఎంట్రీ తెరిచి, మూయకుండా ఊళ్ళ మీదికి వదిలేశాను.

ఆ రోజు నుంచి మా పోస్టులు మారిపోయాయి. మొదటి వరుసలోనే తేదీ, టైము. "14వ తేదీ, బుధవారం, ఉదయం 11 గంటలకు రాస్తున్నది." తర్వాత ఏ ఆస్పత్రి, ఏ గ్రూపు, ఎన్ని యూనిట్లు, ప్లేట్‌లెట్లా మామూలు రక్తమా. ఆఖర్న "ఈ రాత్రి 8 దాటితే ఈ మెసేజ్ ఎవరికీ పంపకండి." నంబరు మా ఆఫీసుది. ఇంటివాళ్ళ నంబరు ఎప్పుడూ పెట్టం. అవసరం తీరగానే అదే పోస్టు పైన "తీరింది, ధన్యవాదాలు" అని రాస్తాం. వాట్సాప్‌లో మెసేజ్ దిద్దుకోవడానికి పావుగంటే టైము ఇస్తుంది, అందరికీ చెరిపేయడానికి రెండున్నర రోజులు. ఇంకొకరు అప్పటికే ఫార్వర్డ్ చేసిన కాపీలను మనం ఏమీ చేయలేం. అందుకని వాట్సాప్‌లో వీలైనంత వరకు ఫేస్‌బుక్ పోస్టు లింకే పంపుతాం. లింకు ఎన్ని ఊళ్ళు తిరిగినా, నొక్కినవాడికి పైన "తీరింది" అని కనిపిస్తుంది. పోస్టరు బొమ్మకి ఆ వీలు లేదు. అది పుట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది.

లింకు కన్నా బొమ్మే ఎక్కువమంది షేర్ చేస్తారని మీరంటారు. నిజమే. కానీ మాకు కావాల్సింది ఆ రోజు సాయంత్రంలోపు ఖమ్మంలోనో వైరాలోనో ఉన్న ఇద్దరు మనుషులు. మస్కట్ దాకా వెళ్ళి ఏం చేయాలి?

ఇక వాట్సాప్ గ్రూపు సంగతి. మొదట్లో మాకూ ఒక పెద్ద గ్రూపు ఉండేది, ఆరు వందల మందికి పైగా. పొద్దున్నే గులాబీ పూలు, మధ్యాహ్నం సూక్తులు. 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికలప్పుడు అందులో జరిగిన కొట్లాట చూసి సగం మంది మ్యూట్‌లో పెట్టేశారు. మేము "ఓ నెగెటివ్ కావాలి" అంటే వినే నాథుడు లేడు. అంతకంటే పెద్ద గొడవ ఇంకొకటుంది. గ్రూపులో చేరితే అందరి నంబర్లు అందరికీ కనిపిస్తాయి. డిగ్రీ చదివే ఒకమ్మాయి క్యాంపులో రక్తమిచ్చి గ్రూపులో చేరింది. వారం తిరిగేసరికి ముక్కూమొహం తెలియనివాళ్ళ నుంచి "హాయ్"లు. ఆ పిల్ల నంబరు మార్చుకుంది, మమ్మల్నీ బ్లాక్ చేసింది. తప్పంతా మాదే.

గ్రూపు మూసేసి బ్రాడ్‌కాస్ట్ లిస్టులకు మారాం. ఒక్కో లిస్టులో 256 మంది పడతారు, ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు, జవాబిస్తే నేరుగా మాకే వస్తుంది. చిక్కల్లా ఒక్కటే, మన నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. ఈ సంగతి తెలియక మొదటి రెండు నెలలు గోడకి చెప్పుకున్నట్టే అయింది. ఇప్పుడు క్యాంపులో జ్యూస్, బిస్కెట్లు ఇచ్చే బల్ల దగ్గరే ఒకరం కూర్చుంటాం. "మీ ఫోన్లో మా నంబరు సేవ్ చేసుకుని, మీ బ్లడ్ గ్రూపు ఒక మెసేజ్ పెట్టండి" అని అడుగుతాం. ఇచ్చిన వెంటనే ఓ పది నిమిషాలు ఎలాగూ కూర్చోవాలి కదా. మెసేజ్ రాగానే గ్రూపును బట్టి లేబుల్ పడుతుంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఈ లేబుళ్ళు ఊరికే ఇస్తారు.

లేబుల్‌తో పాటు ఒక ఎక్సెల్ షీటు కూడా ఉంది. అకౌంట్స్ బుద్ధి, ఎక్కడికి పోతుంది! రక్తమిచ్చిన తేదీకి మగవాళ్ళకైతే 90 రోజులు, ఆడవాళ్ళకైతే 120 రోజులు కలిపితే మళ్ళీ ఇవ్వగల తేదీ వస్తుంది. ఆ తేదీ దాటినవాళ్ళకే మెసేజ్ వెళ్తుంది. ముందు అందరికీ పంపేవాళ్ళం. "అక్కా, నేనిచ్చి రెండు నెలలే అయింది" అని నాలుగైదుసార్లు చెప్పాక మనిషికి విసుగొస్తుంది. ఆరోసారి నిజంగా అతనే కావాల్సి వచ్చినా మెసేజ్ తెరవడు.

క్యాంపుకి వచ్చిన ప్రతి ఒక్కరినీ "ఎక్కడ చూసి వచ్చారు?" అని అడిగి రాసుకుంటాను. నేను కష్టపడి చేసిన వీడియోల పేరు చెప్పేవాళ్ళు అరుదు. ఎక్కువగా వినిపించేది "మా ఫ్రెండ్ స్టేటస్‌లో", "మా బావ స్టేటస్‌లో". ఒక మనిషి చేతికి దూది అంటించుకుని నవ్వుతూ పెట్టిన స్టేటస్ 24 గంటలే ఉంటుంది, చూసేది వంద మందే కావచ్చు. కానీ ఆ వంద మందికీ అతను తెలుసు. "వీడే ఇచ్చాడు, నాకేమవుతుంది" అనుకుని వస్తారు. అందుకే ఫోటో మేమే శ్రద్ధగా తీసి, మంచిదొకటి ఏరి, పది నిమిషాల్లో వాళ్ళ ఫోనుకే పంపుతాం. మా పేజీలో పెట్టేది తర్వాత సంగతి. కొందరు పెట్టొద్దంటారు. రక్తమిచ్చినట్టు ఇంట్లో తెలిస్తే అమ్మ తిడుతుందని. వాళ్ళ ఫోటో పెట్టం.

ఆ తిట్టే అమ్మల కోసమే ఒక చిన్న వీడియో చేశాం. మా ల్యాబ్ టెక్నీషియన్ అన్న ఖమ్మం యాసలో మాట్లాడాడు. తీసేది 350 మిల్లీలీటర్లు, బరువు 55 కిలోలు దాటినవాళ్ళకైతే 450. పోయిన నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో తిరిగొచ్చేస్తుంది. హిమోగ్లోబిన్ 12.5 లేకపోతే అసలు తీసుకోరు. ఇంతే విషయం. లైటింగు లేదు, వెనక ఫ్యాన్ చప్పుడు, మధ్యలో ఎవరో తలుపు తీస్తారు. అదే మా యూట్యూబ్‌లో ఇప్పటికీ చూసేవాళ్ళున్న ఏకైక వీడియో. "రక్తం ఇస్తే నీరసం వస్తుందా" అని తెలుగులో వెతికేవాళ్ళు ఉంటారని మాకు అంతకుముందు తట్టలేదు.

పండగ శుభాకాంక్షల పోస్టర్లు మానేశాం. ఉగాదికి ప్రతి సంస్థా, ప్రతి నాయకుడూ, ప్రతి నగల కొట్టూ పెడతారు. అందులో మాదొకటి లేకపోతే లోకానికి లోటేమీ లేదు. మే 8 ప్రపంచ తలసీమియా దినం. ఆ రోజు అందరూ తలసీమియా గురించి రాస్తారు. 9వ తేదీ నుంచే మాకు అసలు కష్టం. కాలేజీలకు సెలవులు, హాస్టల్ పిల్లలు సత్తుపల్లి, మధిర, భద్రాచలం వెళ్ళిపోయి ఉంటారు. ఆ ఎండలో క్యాంపు పెడితే టెంటు కింద మేమే మిగులుతాం. అందుకే ఏప్రిల్ మొదట్లోనే, పరీక్షలు కాకముందే హాస్టళ్ళ పిల్లల్ని అడిగి పెట్టుకుంటాం, మే నెలలో ఎవరు ఏ ఊళ్ళో ఉంటారో. క్యాలెండరు చూసి కాకుండా ఫ్రిజ్‌లో ఉన్న సంచులు చూసి పోస్టులు పెట్టడం అప్పుడు అలవాటైంది.

వరద గురించి రాయకపోతే ఇది పూర్తి కాదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. మున్నేరు ఊళ్ళోకి వచ్చేసింది. ప్రకాష్ నగర్ బ్రిడ్జి మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవరు తీసుకొచ్చిన వీడియో మీరూ చూసే ఉంటారు. మాది రక్తం పనే అయినా ఊరంతా మా దగ్గరున్న నంబర్లలోనే ఉంది కాబట్టి ఆ మూడు రోజులు అదే చేశాం. మొదటి రోజు మేమూ తేదీ, టైము లేకుండా "బొక్కలగడ్డలో భోజనాలు కావాలి" అని తిప్పాం. తప్పు నుంచి నేర్చుకున్నానని పైన రాశానే, టెన్షన్‌లో అది కాస్తా మర్చిపోయాను. ఒకే సందులోకి ముప్పై మంది పులిహోర పట్టుకొచ్చారు. అప్పటికి ఆ సందులోవాళ్ళను వేరే చోటికి చేర్చేశారు. పులిహోర పాసిపోయింది.

రెండో రోజు నుంచి రెండు గంటలకొకసారి ఒకే పోస్టు పెట్టాం, పాతది చెరిపేసి. రెండు వరుసలే. "ఇప్పుడు కావాలి: చీపుర్లు, బ్లీచింగ్, తాగే నీళ్ళు, శానిటరీ ప్యాడ్లు. ఇప్పుడు వద్దు: వండిన అన్నం, పాత బట్టలు." ఆ "వద్దు" రాయడానికి మా సార్ చాలా మొహమాటపడ్డారు. ఇచ్చేవాళ్ళను వద్దంటామా, రేపు అడిగితే ఇస్తారా అని. జనం ఏమీ అనుకోలేదు సరికదా, ఒక హార్డ్‌వేర్ కొట్టాయన ఆ పోస్టు చూసి పారలు, వైపర్లు ఆటోలో వేసి పంపాడు. ఇళ్ళల్లో మోకాలెత్తు బురద. అన్నం కంటే పారే ముఖ్యమని నీళ్ళు తీసినచోట ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

అదే వారంలో మా పోస్టరును ఎవరో కాపీ చేసి, క్యూఆర్ కోడ్ ఒక్కటి మార్చి తిప్పారు. పోలీసులకు చెప్పాం, సైబర్ క్రైమ్ వాళ్ళ 1930 నంబరుకీ చేశాం. అప్పటి నుంచి కోడ్ కింద పెద్ద అక్షరాల్లో రాస్తున్నాం: "స్కాన్ చేయగానే సంస్థ పూర్తి పేరు కనిపించాలి. మనిషి పేరు కనిపిస్తే డబ్బు వేయకండి." డబ్బు విషయంలో ఇంకో రెండు మాటలు, ఇవి నా సొంత డిపార్ట్‌మెంటు కాబట్టి. 80జీ రసీదు (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కోసం ఇచ్చేది) అని పోస్టులో గొప్పగా రాస్తారు కానీ, రెండు వేలు దాటి నగదుగా ఇస్తే దానికి మినహాయింపు రాదని, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు అసలే రాదని రాయరు. తర్వాత వాళ్ళ ఆడిటర్ చెప్తే మనం మోసం చేసినట్టుంటుంది. ముందే రాసేస్తే పోతుంది.

రెండోది అమెరికా కామెంట్లు. వరద ఫోటోలు చూసి డాలస్ నుంచి ఒకాయన "అకౌంట్ నంబర్ ప్లీజ్" అన్నారు. మన ఖమ్మం మనిషే, కానీ పాస్‌పోర్టు ఇప్పుడు అమెరికాది. అలాంటప్పుడు అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో అందుకోసమే తెరిచిన ఖాతా ఉంటేనే తీసుకోవాలి. మాకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన నుంచి ఇస్తే ఇబ్బంది లేదు. "సార్, మీ దగ్గర తీసుకోలేం" అని రాయడానికి నా వేళ్ళు రాలేదు, అయినా రాశాను. ఆయన ఏమీ అనుకోకుండా ఖమ్మంలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశారు. ఆ తమ్ముడు డబ్బు ఇవ్వలేదు, ఓ పాజిటివ్ ఇచ్చి వెళ్ళాడు.

పిల్లల ఫోటోల గురించి మా ఆఫీసులో ఇంకా గొడవ నడుస్తూనే ఉంది. సాయం చేసే ఒక పెద్ద కంపెనీ వాళ్ళు "ఎమోషనల్‌గా ఉండే విజువల్స్ పంపండి" అంటారు. అంటే సూది గుచ్చుతున్నప్పుడు ఏడ్చే పిల్ల కావాలి వాళ్ళకు. తల్లి సంతకం తీసుకున్నాం కదా అని మావాళ్ళూ అంటారు. మంచం పక్కన నిలబడి, రక్తం సంచి ఇప్పిస్తూ, "ఫోటో తీసుకోమంటారా అమ్మా" అంటే ఏ తల్లి వద్దంటుంది? అది అడగడమా? ఎనిమిదో తరగతి చదివే ఒక పాప నన్ను నిలదీసింది. మా పాత పోస్టు వాళ్ళ క్లాసు పిల్లల ఫోన్లలోకి చేరిందట. "నాకు జబ్బుందని నేను ఎవరికీ చెప్పుకోలేదు ఆంటీ, మీరే చెప్పారు" అంది. ఇబ్బందుల్లో ఉండి సంరక్షణ కావాల్సిన పిల్లల వివరాలు, ఫోటోలు బయటపెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్తుంది. ఆస్పత్రికొచ్చే మా పిల్లలందరూ ఆ లెక్కలోకి రారని వాదించొచ్చు. నేను వాదించదలుచుకోలేదు. ఇప్పుడు మా పేజీలో చేతులుంటాయి, రక్తం సంచి ఉంటుంది, మంచం మీద బొమ్మల పుస్తకం ఉంటుంది. మొహాలుండవు. ఆ కంపెనీ వాళ్ళు ఈ ఏడాది కాస్త తక్కువే ఇచ్చారు.

అలాగని పెద్ద ఎత్తున పాకేవన్నీ పనికిరానివని కాదు నేననేది. 2014లో లోకమంతా నెత్తిన ఐసు నీళ్ళు కుమ్మరించుకుంటుంటే, హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి గారు దాన్ని రైస్ బకెట్ ఛాలెంజ్‌గా మార్చారు. ఒక బకెట్ బియ్యం అవసరమున్నవాళ్ళకు ఇచ్చి, ఫోటో పెట్టి, ఇంకొకరిని పిలవడం. అందులో నాకు నచ్చింది ఏమిటంటే, ఫోటో పెట్టేసరికే పని అయిపోయి ఉంటుంది. బియ్యం వాళ్ళింటికి చేరిపోయింది, ఎంట్రీ అక్కడే మూసుకుపోయింది. మేము కూడా మొన్న ఆగస్టులో, రక్తమిచ్చినవాళ్ళు తమ గ్రూపే ఉన్న ఇంకొకరిని స్టేటస్‌లో పిలవాలని పెట్టాం. నాలుగు గొలుసులు మొదలయ్యాయి, మూడు రెండో మనిషి దగ్గరే తెగిపోయాయి. నాలుగోది ఒక ఏబీ నెగెటివ్ అబ్బాయిది. అతనికి పిలవడానికి ఇంకో ఏబీ నెగెటివ్ దొరక్క, ఊళ్ళో అందరినీ గ్రూపు అడుగుతూ తిరిగాడు. చివరికి వాళ్ళ లెక్కల సార్ దొరికారు.

ఇది రాస్తుండగానే నిన్న రాత్రి ఒక కాలనీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "అర్జంట్, ఓ నెగెటివ్, చిన్న పాప." తేదీ లేదు, ఆస్పత్రి పేరు సగమే ఉంది. ఆ నంబరుకి చేశాను. ఎవరో పెద్దావిడ ఎత్తారు. అది 2022 నాటిదట, పాప ఇప్పుడు బాగుందట, యూకేజీ చదువుతోందట. "రోజూ ఇవే ఫోన్లు తల్లీ, మీరైనా చెప్పండి వాళ్ళకి" అన్నారు. గ్రూపు అడ్మిన్‌కి విడిగా మెసేజ్ పెట్టాను, ఇది పాతది, దయచేసి తీసేయండి అని. ఆయన వెంటనే నమస్కారం బొమ్మ పెట్టారు. రెండు నిమిషాల తర్వాత అదే మెసేజ్‌ను మా బ్లడ్ డోనర్స్ నంబరుకి ఫార్వర్డ్ చేశారు, కింద ఒక వరుస కలిపి: "మేడమ్ గారు చూసుకుంటారు."